సాసర్ల చప్పుడు

మాదాపూర్‌లో గుండ్రటి పెద్ద భవనం లేచి అప్పటికింకా ఏడాది తిరగలేదు. చుట్టూ బండరాళ్ళు పగలగొడుతూనే ఉన్నారు. ఆ రాళ్ళ నడుమే, కొత్తగా కట్టిన నాలుగంతస్తుల అద్దాల మేడలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉండేది. ముందు గేటు నుంచి మెడలో కార్డులు వేసుకున్న ఇంజనీర్లు వెళ్ళేవారు. వెనక గేటు నుంచి ఊడ్చేవాళ్ళు, తుడిచేవాళ్ళు, టీ అందించేవాళ్ళు, కాపలావాళ్ళు వెళ్ళేవారు. ముందు గేటులో కార్డు చూపిస్తే చాలు. వెనక గేటులో నోరు ఊదాలి.

ఊదడమేమిటని అడుగుతారేమో, చెబుతాను. రోజూ పొద్దున ఎనిమిదింటికి కాంట్రాక్టరు తరఫున సూపర్‌వైజరు శివ ఆ గేటు దగ్గర నిలబడేవాడు. పనివాళ్ళు ఒక్కొక్కరే వచ్చి అతని మొహానికి జానెడు దూరంలో నోరు తెరిచి ‘హా’ అని ఊదాలి. వాసన రాకపోతే రిజిస్టరులో టిక్కు పెట్టి లోపలికి పొమ్మంటాడు. ఆడవాళ్ళకు ఈ పరీక్ష లేదు. ఆఫీసర్లకు కూడా పెడితే బాగుంటుందన్న ఊహ ఎవరికీ రాలేదు.

ఈ పద్ధతి పెట్టించినవాడు అడ్మినిస్ట్రేషన్ ఆఫీసరు విశ్వేశ్వరరావు. తెనాలి వైపు మనిషి. ఇరవై ఎనిమిదేళ్ళు నీటిపారుదల శాఖలో పనిచేసి, సూపరింటెండెంటుగా ఉండగా స్వచ్ఛందంగా పదవీ విరమణ చేసి, ఈ కంపెనీలో చేరాడు. ఫిబ్రవరిలో ఒక కాపలావాడు తాగి గేటులోనే పడి నిద్రపోతే, ఆ మర్నాటి నుంచి ఈ ఊదుడు మొదలైంది. తాగి పనికి రాకూడదనడంలో తప్పేముంది? ఏమీ లేదు. తప్పు వేరే చోట జరిగింది. అది చెప్పడానికే ఈ కథ.

జూన్ నెలలో ఒక సోమవారం. రావు వెనక గేటు వైపు వచ్చేసరికి మల్లయ్య వంతు నడుస్తోంది. మల్లయ్య మెదక్ జిల్లా మనిషి, నలభై ఆరేళ్ళవాడు. మూడో అంతస్తులో టీ, కాఫీ అందించడం అతని పని. అతని భార్య ఈరమ్మ అదే మేడలో రెండో అంతస్తు ఊడుస్తుంది. మల్లయ్య ఊదాడు. శివ ముక్కు ఎగబీల్చాడు. వాసన లేదు. అయినా శివకు తృప్తి కలగలేదు.

“చేతులు సాపు.”

మల్లయ్య చేతులు చాపాడు. వేళ్ళు గడగడలాడుతున్నాయి.

“గిదేంది మరి? ఇలాచీ నమిలొచ్చినవా?”

“నేను తాగ శివా. బుద్ధెరిగినకాడి నుంచి ముట్టలే.”

“తాగనోని చేతులు గిట్లెందుకు వణుకుతయే?”

వరుసలో ఉన్నవాళ్ళు కిసుక్కున నవ్వారు. తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లే అంటారు. ఈ మల్లయ్య పాపం తాటిచెట్టు కిందకి కూడా వెళ్ళలేదు. తలవంచుకుని లోపలికి పోయాడు.

విశ్వేశ్వరరావు ఇదంతా చూస్తున్నాడు. రెండు చేతులూ ప్యాంటు జేబుల్లో పెట్టుకున్నాడు.

ఆ చేతుల సంగతి ఇక్కడే చెప్పేయాలి. విశ్వేశ్వరరావు చేతులు కూడా వణుకుతాయి. నిన్నా మొన్నా కాదు, పదిహేనేళ్ళ నుంచి. ఊరికే ఒళ్ళో పెట్టుకుంటే బుద్ధిగా ఉంటాయి. కప్పు పట్టుకున్నా, కలం పట్టుకున్నా, తాళంచెవి కన్నంలో పెట్టబోయినా అల్లరి మొదలు. పదిమంది చూస్తున్నారంటే మరీనూ. అందుకని ఆఫీసులో ఆయన టీ కాఫీలు ముట్టడు. “గ్యాస్ట్రిక్ ట్రబులండీ” అంటాడు. సంతకం పెట్టాల్సి వస్తే గది తలుపు దగ్గరికి వేసి, మోచెయ్యి బల్లకు అదిమిపెట్టి పెడతాడు. వీలున్న చోటల్లా రబ్బరు స్టాంపు వేయిస్తాడు. పెళ్ళిళ్ళకు వెళితే భోజనం చేయకుండా అక్షింతలు వేసి వచ్చేస్తాడు.

ఈ సంగతి ఆయన భార్య రత్నమాలకు తప్ప ఎవరికీ తెలియదు. డాక్టరు దగ్గరికి వెళ్ళమని ఆవిడ పోరు పెడుతూనే ఉంది. ఆయన వెళ్ళడు. వెళితే ఏ పక్షవాతమో, మంచాన పడేసే జబ్బో అంటారని భయం. “మా వంశంలో ఉన్న నరాల బలహీనతే. మా నాన్నగారికీ ఉండేది” అని తోసేస్తాడు. ఆయన తండ్రి బడిపంతులు. నల్లబల్ల మీద ఆయన రాసే అక్షరాలు వంకర్లు తిరుగుతుంటే పిల్లలు వెనక నుంచి నవ్వేవారు. ఆ నవ్వు భరించలేక ఆయన యాభయ్యో ఏటనే బడి మానేశాడు. చిన్న విశ్వేశ్వరరావు ఆ నవ్వు విన్నాడు. అప్పటి నుంచి జన్మలో ఎవరి చేతా అలా నవ్వించుకోకూడదనుకున్నాడు.

మరి తన చేతులు వణికినట్టే మల్లయ్య చేతులూ వణుకుతున్నాయని ఆయనకు తట్టలేదా అంటే, తట్టలేదనే చెప్పాలి. తన వణుకు బలహీనత, మల్లయ్య వణుకు తాగుడు. ఎంత తేలిగ్గా పంచేశాడో చూడండి! గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, మల్లయ్య కనిపించినప్పుడల్లా ఆయన చేతులు జేబుల్లోకి పోయేవి. కానీ ఎందుకు పోతున్నాయని ఆయన ఒక్కసారి కూడా ఆలోచించుకోలేదు.

ఆ సోమవారమే మధ్యాహ్నం బొంబాయి నుంచి ముగ్గురు పెద్దమనుషులు వచ్చారు. కంపెనీకి పెద్ద పని ఇవ్వబోతున్నవాళ్ళు. డైరెక్టరు వెంకట్ స్వయంగా వాళ్ళతో కూర్చున్నాడు. రావు కూడా ఓ పక్కన కూర్చున్నాడు. మల్లయ్య ట్రేలో నాలుగు కప్పుల కాఫీ పెట్టుకుని తలుపు తోసుకుని వచ్చాడు. మనిషికన్నా ముందు చప్పుడు వచ్చింది. సాసర్ల మీద కప్పులు కటకటకటా కొట్టుకుంటున్నాయి. అందరూ మాటలు ఆపి అటు చూశారు.

అంతమంది చూసేసరికి మల్లయ్య చేతులు ఇంకా పట్టు తప్పాయి. మొదటి కప్పు దించాడు. రెండోది దించుతుండగా సాసరు ఒరిగి, కాఫీ అంతా సంతకాలకు సిద్ధంగా ఉంచిన ఒప్పందం కాగితాల మీద పారింది. బొంబాయి పెద్దమనిషి ఒకాయన కుర్చీ వెనక్కి జరుపుకుని, మల్లయ్య మొహంలోకి చూసి, పక్కనున్నాయనతో హిందీలో ఏదో అని నవ్వాడు. ఆ మాట వెంకట్‌కు వినపడింది.

వాళ్ళు వెళ్ళిన పది నిమిషాలకు వెంకట్ రావును పిలిపించాడు. ముప్పై అయిదేళ్ళవాడు, మంచివాడే, కానీ ఆ రోజు మొహం కందగడ్డలా ఉంది.

“రావుగారూ, వాట్ ఈజ్ దిస్? పట్టపగలు తాగినవాణ్ణి క్లయింట్ ముందరికి పంపిస్తారా? ఎంక్వయిరీ చేసి ఫ్రైడేకి నోట్ పెట్టండి. మండే నుంచి అతను కనపడకూడదు.”

“అలాగేనండీ” అన్నాడు రావు.

ఉద్యోగం పోతే ఇంకోటి చూసుకుంటాడు అనుకోకండి. ఆ చుట్టుపక్కల ఆఫీసులన్నిటికీ మనుషుల్ని పంపేది ముగ్గురే కాంట్రాక్టర్లు. తాగుబోతు అని ఒకడు తీసేసిన మనిషిని మిగతా ఇద్దరూ గడప తొక్కనివ్వరు. అదీగాక మల్లయ్యకు ఉద్యోగంకన్నా ఆ పేరే పెద్ద దెబ్బ. అతని కూతురు స్రవంతి సర్కారు బడిలో పదో తరగతి చదువుతోంది. ఎప్పుడో ఒకసారి తండ్రి బడికి వచ్చి వణుకుతున్న చేత్తో రిజిస్టరులో సంతకం పెడితే, మర్నాటి నుంచి ఆ పిల్ల తాగుబోతోని బిడ్డ అయి కూర్చుంది. మళ్ళీ బడికి రావద్దని తండ్రిని బతిమాలుకుంది.

మంగళవారం రావు గదిలో విచారణ జరిగింది. విచారణ అంటే బల్లకు అటు రావు, ఇటు శివ, మధ్యలో నిలబడి మల్లయ్య.

“నిన్న పొద్దున వాసన వచ్చిందా?” అడిగాడు రావు.

“రాలే సార్” అన్నాడు శివ. “గని వాసన రాకుంటేనే పరేషాన్. కల్లులో మందు కలుపుతరు సార్. రోజూ తాగెటోనికి ఒక్కరోజు దొరక్కపోతే గిట్లనే వణుకుతయి చేతులు. మా ఊర్ల మస్తుమందిని చూసిన.”

శివ అబద్ధం చెప్పలేదు. కల్తీ కల్లుకు అలవాటుపడ్డవాళ్ళు అది దొరక్కపోతే వణికిపోవడం అతను కళ్ళారా చూశాడు. అయితే ఈ లెక్కన మల్లయ్యకు తప్పించుకునే దారేది? వాసన వస్తే తాగాడు. రాకపోతే తాగక వణుకుతున్నాడు. తా పట్టిన కుందేటికి మూడే కాళ్ళు.

“సార్, ఇరవై ఏండ్ల సంది వణుకుతున్నయి. పని చేస్తుంటేనే వణుకుతయి. కూసుంటే ఏం లేదు” అన్నాడు మల్లయ్య.

రావు కలం మూత తీశాడు. ఆ మాట ఆయన గుండెల్లో ఎక్కడో తగిలింది. కానీ తగలనట్టే ఉన్నాడు.

అంతలో తలుపు దగ్గర చీపురు పక్కన పెట్టి ఈరమ్మ లోపలికొచ్చింది. “సార్, ఒక్క మాట చెప్పి పోత. గీయన తాగడు. తాగెటోడైతే నేనే కొట్లాడేదాన్ని. పోయినేడు ఊర్ల బోనాలకు అమ్మవారికి కల్లు సాక పోసినంక, ప్రసాదమని నేనే గిన్నెడు కల్లు తాపిచ్చిన. అమ్మతోడు, అగో గప్పుడు చేతులు ఆగినయి సార్! ఇగ దేవుని మహిమ అనుకున్న. తెల్లారేసరికి మల్ల గట్లనే.”

మొగుణ్ణి కాపాడుకోవాలని వచ్చిన ఆ తల్లి, ఉన్నదున్నట్టు చెప్పి కొంప ముంచింది. శివ రావు వైపు చూసి “చూసిన్రా సార్? కల్లు పడంగనే ఆగినయట” అన్నాడు. రావు తల పంకించాడు. ఇంకేం కావాలి? సాక్ష్యం ఇంటిదే.

‘వ్యసనం వలన విధులకు అనర్హుడు’ అని నోటు టైపు చేయించి తెప్పించుకున్నాడు. సంతకం పెట్టాలి. ఎప్పుడూ తలుపు వేసుకుని పెట్టే మనిషి. ఇప్పుడు ఎదురుగా ముగ్గురున్నారు. కలం కాగితానికి తగిలీ తగలకముందే చెయ్యి మొదలుపెట్టింది. ‘వి’ అక్షరం వంకర పోయింది. మోచెయ్యి బల్లకు అదిమాడు. ఆగలేదు. శివ అప్పటికే తలుపు వైపు తిరిగాడు. ఈరమ్మ కళ్ళు తుడుచుకుంటోంది. చూసింది మల్లయ్య ఒక్కడే.

“సార్...” అన్నాడు మల్లయ్య, గొంతు తగ్గించి. “మీకు గూడ ఉన్నదా?”

ఆ మాటలో వెటకారం లేదు. ఇన్నేళ్ళకు తోటివాడు ఒకడు కనిపించాడన్న ఆశ ఉంది. అదే రావుకు భరించరానిదైంది.

“ఏమిటి ఉండేది? ముందు బయటికి నడు!” అని అరిచాడు.

ఆ సాయంత్రం మియాపూర్‌లో అపార్టుమెంటుకు చేరేసరికి రత్నమాల ఎప్పటిలాగే పెద్ద స్టీలుగ్లాసులో సగానికి కాఫీ పోసి ఇచ్చింది. ఆయన రెండు చేతులతో పట్టుకుని రెండు గుక్కలు తాగి, పక్కన పెట్టేశాడు.

“ఏమిటండీ అలా ఉన్నారు?”

ఆయన జరిగిందంతా చెప్పాడు. మల్లయ్య అడిగిన మాట కూడా చెప్పాడు.

రత్నమాల గ్లాసు తీసి, “ఈ పదిహేనేళ్ళలో మిమ్మల్ని తాగుతారని ఎవరైనా అన్నారా?” అంది.

“నన్నెందుకంటారే?”

“అదే నేనూ అడుగుతున్నాను. మిమ్మల్నెందుకనరు? అతన్నెందుకంటారు?”

రత్నమాల వంటింట్లోకి వెళ్ళి, బియ్యండబ్బా మూత కింద రెండేళ్ళుగా దాచిన పేపరు ముక్క ఒకటి తెచ్చి ఆయన ముందు పెట్టింది. కూకట్‌పల్లిలో నరాల డాక్టరు ఉమాశ్రీ, సాయంత్రాలు చూస్తారని అందులో ఉంది. “రేపు వెళ్తున్నాం. రానంటే చెప్పండి, ఎల్లుండి నుంచి కాఫీ నిండుగ్లాసు పోసి ఇస్తాను” అంది.

డాక్టరు ఉమాశ్రీకి నలభై ఏళ్ళుంటాయి. హడావుడి లేని మనిషి. బుధవారం సాయంత్రం రావును ఎదురుగా కూర్చోబెట్టి, ముందు చేతులు ఒళ్ళో వదిలేయమంది. వేళ్ళు కదల్లేదు. చాపమంది. వణికాయి. ఒక గ్లాసులో నీళ్ళు ఇంకో గ్లాసులోకి వంచమంది. సగం బల్ల మీద పోయాయి. కాగితం, పెన్సిలు ఇచ్చి, “జిలేబీ చుట్టండి రావుగారూ, మధ్యలోంచి బయటికి” అంది. ఆయన చుట్టిన జిలేబీ అంచులన్నీ రంపపు పళ్ళలా వచ్చాయి.

లేచి నడవమంది. చేతులు మడిచి, చాపి, కీళ్ళు బిగుసుకున్నాయేమో చూసింది. ఏ మందులు వాడుతున్నారు, ఉబ్బసం ఉందా, ఇంట్లో ఇంకెవరికైనా వణుకుందా అని అడిగింది. తండ్రి సంగతి చెప్పాడు.

“ఎప్పుడైనా కొంచెం మద్యం తీసుకుంటే వణుకు తగ్గినట్టు అనిపించిందా?”

రావు కుర్చీలో నిటారుగా అయ్యాడు. “ఏమండీ, నేను ముట్టనండీ! నన్ను పట్టుకుని ఆ మాట అడుగుతారేమిటి?”

“కోపం తెచ్చుకోకండి. అందరినీ అడుగుతాను. ఈ రకం వణుకులో చాలామందికి కొంచెం మద్యం పడితే చెయ్యి గంటో రెండు గంటలో నిలబడుతుంది. తరవాత మళ్ళీ మామూలే, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. అది మందు కాదు, మందనుకుని మొదలుపెడితే ఇంకో ఊబి. కానీ జబ్బును గుర్తుపట్టడానికి మాకదొక ఆనవాలు.”

‘అగో గప్పుడు చేతులు ఆగినయి సార్’ అన్న ఈరమ్మ గొంతు రావు చెవిలో వినిపించింది. ఏ మాట పట్టుకుని మల్లయ్యను తాగుబోతని తేల్చాడో, ఆ మాటే అతను తాగుబోతు కాకపోవచ్చని చెబుతోంది.

“తాగుడు మానేస్తే కూడా చేతులు వణుకుతాయి కదండీ?” అడిగాడు రావు.

“వణుకుతాయి. కానీ అది మానేసిన ఒకటి రెండు రోజుల్లో వస్తుంది. చెమటలు, నిద్రపట్టకపోవడం, కంగారు వెంట ఉంటాయి. మీలా ఏళ్ళ తరబడి, పని చేసేటప్పుడే వణకడం వేరు. దీన్ని ఎసెన్షియల్ ట్రెమర్ అంటాం. థైరాయిడ్‌కి ఒక రక్తపరీక్ష రాస్తాను, అది కూడా చూసుకుని నిర్ధారిద్దాం. చాలాసార్లు వంశంలో వస్తుంది. పక్షవాతం కాదు. ప్రాణానికేం కాదు. పూర్తిగా పోగొట్టే మందు లేదు గానీ తగ్గించే మాత్రలున్నాయి. కొందరికి బాగా పనిచేస్తాయి, కొందరికి కొంత. పదిహేనేళ్ళు ఎందుకు దాచుకున్నారండీ?”

రత్నమాల కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. రావు ఇంకో మనిషి గురించి అడగాలన్నాడు. మల్లయ్య సంగతంతా చెప్పాడు.

“చూడకుండా నేనేమీ చెప్పను” అంది డాక్టరు. “తీసుకురండి.”

గురువారం మల్లయ్య పనికి రాలేదు. సాయంత్రం రావు స్కూటరు వేసుకుని, గుడిసెల మధ్య అతని ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాడు. గుమ్మంలో ఆఫీసరును చూసి ఈరమ్మ హడలిపోయింది. “ఇంకేం రాసిన్రు సార్ మా మీద?” అంది. రావు రెండు చేతులూ ముందుకు చాపి చూపించి, “డాక్టరు దగ్గరికి రండి” అన్నాడు. వణుకుతున్న ఆ చేతుల్ని ఈరమ్మ చూసింది, మొగుడి మొహం చూసింది. ఇంకేమీ అడక్కుండా ఇంటికి గొళ్ళెం పెట్టి బయల్దేరింది.

డాక్టరు మల్లయ్య చేత కూడా జిలేబీ చుట్టించింది, నీళ్ళు పోయించింది. “మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?” అని అడిగింది.

“చేతులు గాదు గని అమ్మా, మా అవ్వకు తల ఊగేది. గిట్ల, అడ్డంగ” అని చూపించాడు మల్లయ్య. “అన్నం తింటవా అవ్వా అంటే తల అడ్డంగనే ఊపేది. వద్దంటుందని మేం గిన్నె తీసుకపోతుంటే, ‘తింట బిడ్డా, తెస్తవా తేవా’ అని తిట్టేది. పెండ్లి సంబంధం మాట్లాడనీకి ఈమె తల్లిగారోళ్ళొస్తే, మా అవ్వకు పిల్ల నచ్చలేదనుకుని లేచి పోబోయిన్రు.”

డాక్టరు నవ్వింది. రావు కూడా నవ్వాడు. ఈరమ్మకు మాత్రం ఏడుపొచ్చింది.

“అమ్మా, నా పాపం చెప్పుకుంట. నాక్కూడ అనుమానమే ఉండె. రోజూ పండుకున్నంక ఈయన నోరు వాసన జూసేదాన్ని. ఏనాడు రాలే. వచ్చినా మంచిగుండేది, అనుమానం పీడ పోయేది అనుకున్న.”

మల్లయ్య భార్య వైపు ఆశ్చర్యంగా చూసి, “గట్లనా? నేను నిద్రపోలే గప్పుడు” అన్నాడు.

రావుకు చెప్పిన జబ్బే మల్లయ్యకూ చెప్పింది డాక్టరు. మాత్రలు రాసి, ఉన్నదున్నట్టు ఒక ఉత్తరం కూడా రాసి ఇచ్చింది.

రావు ఆ ఉత్తరం జేబులో పెట్టుకుని ఇంటికెళ్ళాడు. ఇక నోటు వెనక్కి తీసుకుంటే సరిపోతుందనుకున్నాడు. తన చేతుల సంగతి ఎవరికీ చెప్పకుండానే పని అయిపోతుందని కొంచెం ఊరట కూడా పడ్డాడు. మనిషి బుద్ధి అంత త్వరగా మారుతుందా?

శుక్రవారం వెంకట్ గదిలో రావు, శివ, మల్లయ్య ఉన్నారు. వెంకట్ ఉత్తరం చదివాడు.

“చిట్టీలు ఎవలైన రాసిస్తరు సార్” అన్నాడు శివ.

వెంకట్ ఉత్తరం మడిచి బల్ల మీద పెట్టాడు. “రావుగారూ, ఐ అండర్‌స్టాండ్. జబ్బే అయ్యుండొచ్చు. కానీ క్లయింట్లకి నేను డాక్టర్ లెటర్ చూపించలేను కదా? చూసినవాళ్ళు ఏమనుకుంటారన్నదే పాయింట్. తాగుడు అని రాయొద్దు, సర్వీసు అవసరం లేదని రాయండి. క్వయిట్‌గా అయిపోతుంది.”

మల్లయ్య రావు వైపు చూశాడు. ‘మీకు గూడ ఉన్నదా’ అన్న ప్రశ్నకు జవాబు ఇంకా బాకీ ఉంది.

వెంకట్ ముందు ఎవరూ ముట్టని కాఫీ కప్పు ఒకటుంది. రావు చెయ్యి చాపి, సాసరుతో సహా, ఒంటి చేత్తో ఆ కప్పు ఎత్తాడు. కటకటకటా చప్పుడు మొదలైంది. వెంకట్ తల ఎత్తాడు. కాఫీ తొణికి సాసరు నిండింది, రావు తెల్లచొక్కా చేతి మీద పడింది. ఆయన దించలేదు.

“శివా, ఇలా రా” అన్నాడు. “నా నోరు వాసన చూడు.”

“సార్...”

“రమ్మంటున్నానా! నా చెయ్యి వణుకుతోంది. వాసన చూడు.”

శివ ఒక అడుగు వెనక్కి వేసి తల దించుకున్నాడు.

“చూడవు. ఎందుకంటే నేను ఆఫీసర్ని. నా వణుకు నీకు జబ్బులా కనిపిస్తుంది. నువ్వే కాదయ్యా, నేనూ అంతే. పదిహేనేళ్ళ నుంచి నాకున్న జబ్బు ఇతనికి ఉంటే తాగుడని రాశాను. దాని మీద సంతకం పెట్టేటప్పుడు కూడా ఈ చెయ్యి వణుకుతూనే ఉంది.” వెంకట్ వైపు తిరిగాడు. “చూసినవాళ్ళు ఏమనుకుంటారో అని మల్లయ్యను తీసేస్తే, అదే కాగితం మీద నా పేరు కూడా రాయండి. ఇద్దరం ఒకే గేటు నుంచి వెళ్తాం.”

కప్పు దించాడు. చొక్కా తడిసింది. సిగ్గుపడాల్సినంతా సిగ్గుపడ్డాడు గానీ, పదిహేనేళ్ళుగా భయపడ్డంత ఏమీ జరగలేదు. ఎవరూ నవ్వలేదు. వెంకట్, “నాకు తెలీదండీ రావుగారూ. సారీ” అని, మల్లయ్యను అడిగాడు: “నువ్వు చెప్పు. ఎలా చేద్దాం?”

ఇన్ని రోజుల్లో మల్లయ్యను ఏం చేద్దామని అడిగినవాడు అతనే మొదటివాడు. మల్లయ్య తడుముకోలేదు. ఎన్నాళ్ళుగానో అనుకుంటున్నదేమో, గబగబా చెప్పేశాడు.

“సాసర్లు తీసెయ్యున్రి సార్, చప్పుడు పోతది. కప్పులు బరువైనయి తెప్పియ్యున్రి, ముప్పావుకే పోస్త. ట్రే కన్న తోపుడుబండి ఉంటే ఇంక ఫికరే లేదు. డాక్టరమ్మ రాసిన గోళీలు ఎట్లాగూ ఉన్నయి.”

తాను రాసిన నోటును రావు వాళ్ళ ముందే చింపేశాడు. మల్లయ్యకు ఏ వ్యసనమూ లేదని, డాక్టరు ఉత్తరం జతపరిచానని మరోటి రాశాడు. దాని మీద సంతకం తలుపు వేసుకోకుండా పెట్టాడు. వంకరగానే వచ్చింది.

సోమవారం పొద్దున ఎనిమిదింటికి వెనక గేటు దగ్గర వరుస కట్టినవాళ్ళు ముందు నిలబడ్డ మనిషిని చూసి గుసగుసలాడుకున్నారు. విశ్వేశ్వరరావు వరుసలో మొదట నిలబడి ఉన్నాడు. చేతులు జేబుల్లో లేవు. శివ మొహమాటపడుతుంటే, తనే వంగి ‘హా’ అని ఊదాడు. శివ రిజిస్టరులో టిక్కు పెట్టాడు. ఆయన వెనక్కి తిరిగి అందరితో ఇలా అన్నాడు:

“తాగి పనికి రాకూడదన్న రూలు రూలే. ఇకనుంచి అది నాకూ, పై అంతస్తుల్లో ఉన్నవాళ్ళకీ కూడా. కానీ చేతులు చాపించి చూడటం ఇవాళ్టితో బంద్. మా నాన్న చెయ్యి వణికితే పిల్లలు నవ్వారు, ఆయన బడి మానేశాడు. నా చెయ్యి వణికితే జేబులో దాచుకున్నాను. మల్లయ్య చెయ్యి వణికితే మనమంతా కలిసి తాగుబోతన్నాం. మూడు చేతులకూ ఉన్నది ఒకటే జబ్బని చెప్పడానికి డాక్టరమ్మకు అరగంట పట్టింది, ఆవిడ దగ్గరికి వెళ్ళడానికి మాకు రెండు తరాలు పట్టింది. మీ ఇంట్లో, మీ వాడలో ఎవరికైనా ఇట్లా ఉంటే నాలాగా చేయకండి. చెయ్యి వణికితే నోరు వాసన చూడకండి, డాక్టరుకి చూపించండి.”